ఇంటికి నడికట్టు

సెయింట్ ఒడిల్, మెయిన్
ఆగస్టు చివరి ఆదివారం

లొరెట్‌కి,

నీ ఉత్తరం అందింది. బ్రిస్టల్‌లో సిస్టర్లు ముసలివాళ్ళ కోసం నడిపే ఆశ్రమంలో గది ఖాళీ అవుతోందనీ, మంచు పడకముందే అత్తమ్మని పంపమనీ రాశావు. మే నెలలో శ్మశానం గేటు దగ్గరా అదే అన్నావు. అప్పుడు నేను జవాబు చెప్పలేదు. మార్చిలో పోతే, గడ్డకట్టిన నేల కరిగేదాకా ఆగి మీ అక్క జెర్మేన్‌ని మట్టిలో పెట్టిన రోజు అది. ఆ రోజు ఎవరేం అడిగినా తలూపాను.

ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఈ ఒక్క చలికాలం మీ అమ్మని ఇక్కడే ఉండనీ.

ఆవిడ మాట ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను: "తొంభై ఏళ్ళొచ్చాక కొత్త ఊళ్ళో కొత్త సూప్ తాగాలా? నేను పోతే ఈ వంటింట్లోంచే పోతా." అది నాతో అనలేదు, గరిటెతో అంది. వినాల్సింది నేనేనని తెలుస్తూనే ఉంది.

పోయిన చలికాలం ఇల్లు ఎలా ఉందో నువ్వే చూశావు. వాదించను. అందుకే కౌంటీ వాళ్ళ పథకానికి అర్జీ పెట్టాను. మనుషులు వచ్చి చలి చొరబడే సందులు వెతికి మూస్తారు. గోడలూ అటకా నింపుతారు. ముసలివాళ్ళున్న ఇళ్ళకి ముందుగా వస్తారట. అప్పటికీ ఇల్లు చల్లగానే ఉంటే నేనే అత్తమ్మని బండిలో కూర్చోబెట్టి నీ గుమ్మంలో దింపుతాను.

ఫోన్ చేయొద్దు. చేస్తే ఆవిడ పక్కన కూర్చుని వింటుంది. పైగా ఫోన్‌లో నాకు మాట రాదు.

ఒమేర్


బ్రిస్టల్, కనెక్టికట్
సెప్టెంబర్ మొదటి వారం

బావా,

పొలాలు కొలిచే ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా నీ ఉత్తరాలు మాత్రం ఇంకా సరిహద్దు రాళ్ళే. ఈ రాయి నుంచి ఆ రాయికి ఇంత దూరం, అంతే. మధ్యలో గడ్డిపోచ మొలవదు. మా అక్క నీతో ఎలా కాపురం చేసిందో గానీ, సంతోషంగానే చేసింది. అది నాకు తెలుసు.

ఫిబ్రవరిలో నేను వచ్చినప్పుడు అమ్మ మంచం పక్కన గ్లాసులో నీళ్ళమీద మంచు పొర కట్టింది. అక్క దుప్పట్ల కింద కోటు వేసుకుని పడుకుంది. ఇల్లు వెచ్చబెట్టే ఆ కట్టెల పొయ్యికి నువ్వు కాపలా కాస్తూ ఉండిపోయావు. నిన్ను తప్పు పట్టడం లేదు బావా. ఒక మనిషి చేయగలిగిందంతా చేశావు. కానీ అమ్మకి న్యుమోనియా వస్తే? మరో మే నెలలో అదే గేటు దగ్గర నిలబడటం నా వల్ల కాదు.

సరే, క్రిస్మస్ దాకా గడువు. అప్పుడొచ్చి అమ్మ గదిలో పడుకుంటాను. నా కాళ్ళు ఏం చెబితే అది చేద్దాం. అందాకా గది ఉంచమని సిస్టర్లని బతిమాలుకుంటాను. ఒక్కటే షరతు. ఉత్తరాల్లో నా దగ్గర ఏదీ దాచకూడదు.

అవునూ, ఆ గోడల నిండా తాతయ్య రంపప్పొట్టు పోశాడుగా? మళ్ళీ నింపడానికి చోటేదీ?

లొరెట్


సెయింట్ ఒడిల్
సెప్టెంబర్ చివర

లొరెట్‌కి,

పొట్టు మోకాలెత్తుకి దిగిపోయింది. ఆ పైనంతా డొల్ల. నీ ప్రశ్నకి జవాబు అది.

చెప్పింది రోండా లిజాట్. ఈ పనివాళ్ళ జట్టుకి పెద్ద. నలభై దాటిన మనిషి. పొట్టి, గట్టి. నవ్వితే పక్కింటికి వినిపిస్తుంది. ఈ లోయ పిల్లే. గొప్ప చెప్పుకోడానికి సిగ్గుపడదు. "ఈ కౌంటీలో ఇంటి రోగం నాకంటే బాగా పట్టేవాళ్ళుంటే నా నిచ్చెన వాళ్ళకిచ్చి ఇంటికెళ్ళిపోతా," అంది. సగం పొద్దయ్యేసరికి ఆ మాట నేనూ నమ్మాను.

ముందు పొయ్యిలో బూడిదంతా ఎత్తించింది. తర్వాత వీధి తలుపు తీసి, చట్రం నిండా ఎర్ర గుడ్డ బిగించి, మధ్యలో ఫ్యాన్ పెట్టింది. ఆ ఫ్యాన్ ఇంట్లో గాలిని బయటికి లాగుతుంది. లాగేకొద్దీ ఎక్కడెక్కడి సందుల్లోంచో బయటి గాలి లోపలికి దూరుతుంది. బూడిద ఉండి ఉంటే మా మొహాల మీద ఉండేది.

చేతిలో సన్నటి పొగ వదిలే కడ్డీ పట్టుకుని గది గదీ తిరిగింది. కిటికీల దగ్గర పొగ కాస్త వణికింది, అంతే. "అందరూ పాపం కిటికీల్నే తిడతారు," అంది. అటక మూత దగ్గరా, పొగగొట్టం పక్కనా, స్విచ్చుల వెనకా మాత్రం పొగ చెదిరి ఎగిరిపోయింది. పెన్సిలుతో గోడ మీద గుర్తులు పెడుతూ పోయింది. తొందరలేదు. అనుమానం వచ్చిన చోటికి వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసేది. కొలతల పనిలో బతికినవాణ్ణి. పనితనం చూస్తే గుర్తుపడతాను.

అత్తమ్మ చేతికర్రతో రోండా వెనకే తిరిగింది.

"ఒరే అల్లుడూ, ఇన్నాళ్ళూ నేను కాపురం చేసింది ఇంట్లోనా, జల్లెట్లోనా?"

"జల్లెడ నయం మామ్మగారూ. దాని కన్నాలు కళ్ళకి కనబడతాయి."

"నువ్వు కిటికీలు అంటగట్టడానికి వచ్చావనుకున్నా పిల్లా."

"నేను అమ్మేదేం లేదు. మూసేదే."

"పెళ్ళయిందా?"

"అయింది. ఆయన నోరు ఒక్కటే మూయలేకపోయా."

అత్తమ్మ గోడకి ఆనుకుని నవ్వింది. మార్చి తర్వాత ఆవిడ అలా నవ్వగా వినడం ఇదే.

మధ్యాహ్నం రోండా ఇంటి కింద సందులోకి పాక్కుంటూ వెళ్ళింది. జుట్టు నిండా సాలెగూళ్ళతో బయటికొచ్చి, "ఈ ఇల్లు కట్టినాయన గొప్ప వడ్రంగండీ. ఒక్క దూలం వంగలేదు. చలి ఎటునుంచి వస్తుందో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు, అంతే," అంది. మీ తాతగారిని ఆ మాత్రం గౌరవించిన బయటివాళ్ళని నేను చూడలేదు.

మేడమీద గదిలో వేడినీ చలినీ రంగుల్లో చూపించే కెమెరా పట్టింది. మంచం వెనక గోడంతా నీలం.

"ఎవరి గది?"

"మా ఆవిడది."

పెన్సిలుతో ఆ గోడమీద గుర్తు పెట్టింది. "పని ఇక్కణ్ణుంచి మొదలెడతాం," అంది.

ఒమేర్


బ్రిస్టల్
అక్టోబర్ మొదటి వారం

బావా,

నీ చేత ఇంత పొడుగు ఉత్తరం రాయించిన మనిషిని నేను తప్పక చూడాలి.

అమ్మ ఫోన్ చేసింది. "ఆ పిల్ల నా ప్లోయ్ అట్లు ఆరు తింది, వెన్న రాసుకుని మరీ," అని మురిసిపోయింది. ఏం పనులు చేసిందని అడిగితే అది మాత్రం చెప్పలేదు. అమ్మ లెక్కలో మనిషిని తూచే తరాజు అట్లపెనమే.

ఒక్క అనుమానం. ఇల్లన్నాక ఊపిరి తీసుకోవాలని నాన్న అనేవాడు. ఇంత బిగించేస్తే పొయ్యికి గాలెక్కణ్ణుంచి వస్తుంది? అడుగు. అడిగి రాయి.

లొరెట్


సెయింట్ ఒడిల్
అక్టోబర్ మూడో వారం

లొరెట్‌కి,

అడిగాను. "మీ మరదలు మా జట్టులో చేరతారా?" అంది.

పని అయిపోయింది. బయటి చెక్కలు ఊడదీసి, గోడకి కన్నాలు వేసి, లావుపాటి గొట్టంతో కాగితపు పీచు లోపలికి కొట్టారు. రోండా గోడమీద అరచెయ్యి పెట్టి ఉంచేది. నిండిందో లేదో మోతని బట్టీ అదురుని బట్టీ చెప్పేది. ఒకచోట నిండిందని నేననుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి మళ్ళీ కొట్టించింది. కన్నాలు బిరడాలు పెట్టి మూసి, చెక్కలు మళ్ళీ ఎక్కించారు. ఎక్కడ తీశారో నేను వెతికినా దొరకలేదు.

పొయ్యి సంగతి. అది మండటానికి గాలి కావాలి. ఇదివరకు సందుల్లోంచి దొరికేది. ఇప్పుడు సందులు లేవు. అందుకని పొయ్యి వెనక గోడలోంచి బయటికి రోండా ఒక గొట్టం వేసింది. మోకాలెత్తులో, చూరు కింద, మంచు పేరుకోని వైపు. పొయ్యి దాంట్లోంచి నేరుగా గాలి పీల్చుకుంటుంది. పొగ విషం లోపలికొస్తే మోగే అలారం కూడా పెట్టింది. వెళ్ళేముందు పొయ్యి వెలిగించి, పక్కనే కుర్చీ వేసుకుని, గాలిని బయటికి లాగే ఫ్యాన్లన్నీ తిప్పి, పొగ వెనక్కి రావడం లేదని చూసుకుంది.

బంగాళాదుంపలు తవ్వడం అయిపోయింది. నేల గడ్డకడుతోంది. అత్తమ్మ నిన్న స్వెట్టరు విప్పేసి జ్వరమొచ్చిందేమో చూడమంది. జ్వరం లేదు. ఇల్లు వెచ్చగా ఉంది.

ఒమేర్


సెయింట్ ఒడిల్
నవంబర్ మొదటి వారం

లొరెట్‌కి,

అత్తమ్మ బాగుంది. సర్వ పునీతుల పండగకి జెర్మేన్ సమాధి దగ్గరికెళ్ళాం. వాన పడుతోంది. మిగతా విశేషాలేం లేవు.

ఒమేర్


బ్రిస్టల్
నవంబర్ రెండో వారం

బావా,

విశేషాలేం లేవా?

నిన్న అమ్మ ఫోన్ చేసి, "ఫైరింజనువాళ్ళు బురద బూట్లతో నా వంటింట్లోకి వచ్చారే, ఒక్కడికీ సంస్కారం లేదు," అంది. ఫైరింజనెందుకొచ్చిందమ్మా అంటే, "పొగ," అంది. ఎంత పొగ అంటే, "అల్లుడు నన్ను కుర్చీతో సహా బయటికి మోసేంత," అంది.

నేను పెట్టింది ఒకే ఒక్క షరతు.

ఆ రోండా పని గురించి నువ్వు రాసినవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. సిగ్గేస్తోంది. ఊపిరాడని డబ్బాలో మా అమ్మని పెట్టి మూత వేసింది! నేను క్రిస్మస్ దాకా ఆగను. నెలాఖర్లో థాంక్స్‌గివింగ్ పండక్కి వస్తున్నాను. సిస్టర్లకి అమ్మ వస్తుందని చెప్పేశాను. అమ్మ బట్టలు సర్ది ఉంచు.

లొరెట్


సెయింట్ ఒడిల్
నవంబర్ మూడో వారం

లొరెట్‌కి,

దాచాను. నువ్వు మాట వెనక్కి తీసుకుంటావని భయపడ్డాను. జరిగింది ఇదీ.

మన ఇళ్ళన్నిటికీ నవంబర్‌లో నడికట్టు కడతాం. నీకు చెప్పక్కర్లేదు. ఫర్ చెట్ల కొమ్మలు కొట్టుకొచ్చి పునాది చుట్టూ దట్టంగా పేరుస్తాం, చలిగాలి ఇంటి కిందికి దూరకుండా. మన ఇంటికి ఏటా జెర్మేన్ పేర్చేది. నేను కొమ్మలు కొట్టి మోసేవాణ్ణి. పేర్చడానికి నన్ను రానిచ్చేది కాదు. ఈ ఏడు నేను పేర్చాను. తను మెచ్చుకునేటట్టు పేర్చాలనుకున్నాను. కిటికీల అంచుదాకా పేర్చాను.

పేర్చేటప్పుడు గొట్టం నోరు కనబడింది. కొమ్మల్లోంచి గాలి దూరుతుందిలే అనుకున్నాను. దూరుతుంది కూడా. కానీ ఆ సాయంత్రం పడిన వాన కొమ్మల మీదే గడ్డకట్టింది. తెల్లారేసరికి ఇంటి చుట్టూ అద్దం గోడ. పొయ్యికి ఊపిరి అందలేదు. పొగ వెనక్కి తన్నింది. రోండా పెట్టిన అలారం మోగింది. అత్తమ్మని కుర్చీతో ఎత్తుకెళ్ళి బండిలో కూర్చోబెట్టాను. ఆవిడకేం కాలేదు, డాక్టరు చూశాడు. కొంచెం దగ్గు, చాలా కోపం. కోపం బూట్లమీద.

ఆదివారం పూజ అవగానే రోండా వచ్చింది. నేను పిలవలేదు. జరిగింది చర్చిలో ఎవరో చెబితే తెలిసిందట. పండగ బట్టల్లోనే ఉంది. కొమ్మలు పక్కకి లాగి, గొట్టం చూసి, ఆ కొమ్మలమీదే చతికిలబడింది.

"నా తప్పు," అంది.

"కాదు, నాది. గొట్టానికి ఏదీ అడ్డం పెట్టొద్దని మీరిచ్చిన కాగితంలో ఉంది. చదివాను."

"చదివుంటారు. నవంబర్ వచ్చాక చేతులు కాగితం చూసుకోవు ఒమేర్ గారూ. మా మామ్మకి నేనూ కొమ్మలు మోశాను. ఈ లోయలో నడికట్టు ఎంత ఎత్తు కడతారో తెలిసిన మనిషిని. మంచు ఎంత పేరుకుంటుందో చూశాను గానీ కొమ్మలు ఎంత పేరుస్తారో చూడలేదు. గొట్టం అక్కడ పెట్టడం నా బుద్ధితక్కువ."

బండిలోంచి పనిముట్లు తెచ్చి, గొట్టానికి వంపు తగిలించి, గోడవెంట నా భుజం ఎత్తుదాకా లేపింది. పైన వాన పడకుండా రేకు టోపీ పెట్టింది. పండగ గౌను బురదయింది. అత్తమ్మ కిటికీలోంచి ఏప్రన్ విసిరింది.

"ఇప్పుడు ఈ కొమ్మల అవసరం ఉందా?" అని అడిగాను.

"చలికా? లేదండీ. ఇంటి కింద కూడా మూసేశాంగా."

"అయితే తీసేయనా?"

ఆవిడ కొమ్మల వంక చూసింది. చేత్తో ఒకదాన్ని సరిచేసింది. "ఇంత చక్కగా పేర్చింది తీసేయమని నేను చెప్పను. మీ పద్ధతికి అడ్డం రాకుండా నా పని చేసుకోవడమే నా పని," అంది. లాగినవన్నీ తన చేత్తోనే మళ్ళీ పేర్చింది. చివరలు కిందికి వంచి. జెర్మేన్ పేర్చినట్టే. అలా పేర్చాలని నాకు తెలియదు.

తర్వాత పొయ్యి వెలిగించి, వంటింట్లో కూర్చుని, అది మండే తీరు చూస్తూ సూప్ తాగింది. మర్నాడు తన జట్టంతటికీ చెప్పిందట, ఇకమీదట ఏ ఇంటికెళ్ళినా ముందు అడగాల్సింది నడికట్టు ఎత్తెంతని.

నువ్వు రా. వాదించను. బట్టలు మాత్రం నువ్వే సర్దు. నా చేత కాదు.

ఒమేర్


బ్రిస్టల్
డిసెంబర్

బావా,

ఇంటికి చేరాను. దారంతా మంచు. నీ ముందు చెప్పలేకపోయినవి రాస్తున్నాను. నీ జబ్బు నాకూ అంటింది.

వచ్చేటప్పుడు అమ్మ బట్టల కోసం ఖాళీ పెట్టె తెచ్చుకున్నాను. నువ్వు చూశావు. మొదటి రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి బాగా కిందకి పడింది. గాలి రైలుబండిలా అరుస్తోంది. రెండు జతల మేజోళ్ళు వేసుకుని అమ్మ పక్కన పడుకున్నాను. కాసేపటికి ఒక జత విప్పాను. ఇంకాసేపటికి రెండోదీ. అమ్మ చీకట్లో, "ఏంటే ఆ కదలడం, పడుకో," అంది. నాకు పన్నెండేళ్ళప్పుడూ అలాగే కసిరేది.

పొద్దున్న నువ్వు కట్టెలకెళ్ళినప్పుడు కొవ్వొత్తి వెలిగించి ఇల్లంతా తిరిగాను. తప్పు పట్టడానికే తిరిగాను. మంట ఎక్కడా వంగలేదు.

ఇంకా కోపం తగ్గక, చర్చి మెట్లమీద ఆ రోండాని పట్టుకున్నాను.

"మా అమ్మకి పొగ పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ. మామ్మగార్ని ఎత్తుకుపోయేది మీరేనా?"

ఆవిడ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని అంది, "తీసుకెళ్ళాలనుంటే తీసుకెళ్ళండి, మీ అమ్మ, మీ ఇష్టం. చలి పేరు చెప్పి మాత్రం తీసుకెళ్ళకండి. ఆ సందు నేను మూసేశాను."

ఆ మాట నన్ను తిరుగు దారంతా వదల్లేదు. నిజమే బావా. చలి అమ్మకేనా? మార్చి నుంచి పోస్టులో అక్క దస్తూరీ ఉన్న కవరు రావడం మానేసింది. వారం వారం వచ్చేది. అమ్మయినా కూతవేటు దూరంలో ఉంటే బాగుండుననుకున్నాను. దానికి చలి అని పేరు పెట్టుకున్నాను.

సిస్టర్లకి రావడం లేదని చెప్పాను. అమ్మ అక్కడే ఉంటుంది. ఆ పెట్టె నిండా నువ్వు బంగాళాదుంపలు పోసిచ్చావు, అవి మోయలేక మా ఆయన నడుం పట్టుకుంది. ఆయన శాపనార్థాలు నీకు.

రాస్తూ ఉండు. రాళ్ళయినా పర్లేదు.

నీ మరదలు
లొరెట్


సెయింట్ ఒడిల్
జనవరి

లొరెట్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దానికి తగిన జవాబు నాకు రాయడం రాదు. వారం వారం రాస్తాను. వేసవిలో వచ్చి నెల్లాళ్ళు ఉండు. మీ ఆయన్నీ తీసుకురా, దుంపలు మోయించను.

రోండా ఒక సాయం అడిగింది. నది పక్క ఒంటరిగా ఉండే ముసలాయన ఒకడు తలుపు తీయడం లేదట. "నాకు ఇళ్ళతో మాట్లాడటం వచ్చు. మొండివాళ్ళతో మాట్లాడాలంటే ఇంకో మొండివాడు కావాలి," అంది. నిన్న వెళ్ళాను, నాకు తీశాడు. ఆయన వంటింట్లో నేనూ ఆయనా పేక ఆడాం. ఆవిడ అటకమీద మోకాళ్ళమీద పాకుతూ, చలికి గొంతు పూడిపోయినా కిందికి కేకలేస్తూ, దొరికిన సందల్లా మూసుకుంటూ పోయింది. దిగేసరికి కనురెప్పలమీద మంచు. "వచ్చే చలికాలం ఈయన నన్ను తిట్టడానికి ఓపిక మిగులుతుంది," అంది. ఆయన అప్పటికే తిడుతున్నాడు. కాఫీ ఇస్తూ తిడుతున్నాడు.

పొద్దుగూకాక ఇల్లు చేరాను. చలికాలంలో పగలంతా నేను ఇల్లు వదిలి ఉండటం, ఈ ఇంటికి అల్లుడిగా వచ్చాక ఇదే మొదటిసారి. పక్కింటి వాళ్ళు మధ్యాహ్నం ఒకసారి చూసి వెళ్ళారట. అత్తమ్మ కుర్చీలో కునుకు తీస్తోంది, గౌను చేతులు పైకి మడిచి. పొయ్యి తలుపు తీసి చూశాను. ఆరిపోయి ఉంది. నిప్పు కూడా లేదు.

"కట్టె వేయడం మరిచిపోయారా అత్తమ్మా?"

కళ్ళు తెరవకుండానే అంది, "మరిచిపోలేదు. అవసరం పడలేదు."

కోటు విప్పి ఆవిడ పక్కన కూర్చున్నాను. పొయ్యి వెంటనే వెలిగించలేదు.

ఒమేర్